హల్కా పుల్ లేచిన రోజు

మోండా మార్కెట్లో కూరగాయలు కొని పట్టాల అవతలికి వెళ్ళేవాళ్ళెవరూ ఆటో ఎక్కరు. హల్కా పుల్ మీదుగా నడిచిపోతారు. హల్కా అంటే తేలిక, పుల్ అంటే వంతెన. విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఇనుప వంతెన అది. పట్టాల పక్కనే మనుషులు నడవడానికి చెక్కల దారి ఉంది. దాని మీద కాలు పెట్టగానే చేతిసంచి బరువు పోతుంది. ఉల్లిపాయల బస్తా దూదిమూటంత అవుతుంది. అవతల దిగాక బరువు తిరిగొస్తుంది గానీ ఎక్కినప్పుడు ఉన్నంత రాదు. అందులో కొంచెం వంతెనే ఉంచేసుకుంటుంది. తక్కెడలో ఉల్లిపాయలు ఎప్పటిలాగే తూగుతాయి, మోసే మెడకే తేడా. ఒక వ్యాపారి మరీ తెలివికి పోయి వంతెన మీదే కాటా పెట్టాడు. రెండు పళ్ళాలూ గాల్లో ఊగులాడుతుంటే మధ్యాహ్నానికే దుకాణం సర్దేశాడు.

రైళ్ళను మోయడం దాని ఉద్యోగం, మన బరువు ఉంచుకోవడం దాని గుణం అనేది గంగాదేవి. శ్రీకాకుళం నుంచి వచ్చి, నెత్తిన గంపతో పంతొమ్మిదేళ్ళుగా రోజూ ఆ వంతెన దాటుతున్న మనిషి. ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

హైటెక్ సిటీకి లోకల్ రైళ్ళు మొదలైన ఏడాది, వంతెన కింది బేరింగులు తుప్పు పట్టిపోయాయని తేలింది. ఇనుప గర్డర్లు స్తంభాల మీద ఆనే చోట ఉండేవి అవే. ఇంజనీరు రామ్మోహనరావు పైవాళ్ళను బతిమాలి ఒక్క అవకాశం తెచ్చుకున్నాడు. ఒక ఆదివారం పది నుంచి రెండు దాకా రైళ్ళు ఆపుతారు. ఆ నాలుగు గంటల్లో గర్డరు ఎత్తి కొత్త బేరింగులు పెట్టాలి. పెట్టలేకపోతే వంతెన తుక్కు ఇనుముగా పోతుంది, ఆ స్థానంలో సిమెంటు వంతెన వస్తుంది.

పనికి మేస్త్రీ షాలేమ్. ఆ వంతెనలో ప్రతి రివిట్టునీ సుత్తితో తట్టి, మోత విని, ఏది వదులైందో చెప్పగలడు. ఇంట్లో మాత్రం వినడానికి ఎవరూ లేరు. భార్య మేబెల్ తిరుమలగిరిలో అక్క దగ్గరికి వెళ్ళి ఏడేళ్ళయింది. వాళ్ళకు ఫెయిత్ అని పాప పుట్టి పదకొండో రోజున పోయింది. చిన్న పెట్టె కాబట్టి, తండ్రే రెండు చేతులమీద సమాధుల తోటకు తీసుకెళ్ళాడు. దగ్గరి దారని హల్కా పుల్ మీదుగా వెళ్ళాడు. అవతల దిగాక అందరి బరువులూ కొంతైనా తిరిగొస్తాయి, అతనిది రవ్వంత కూడా రాలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. మర్నాడు డ్యూటీకి వెళ్ళాడు. కంట నీరు రాలేదు. "నీకేం కాలేదు. నాకొక్కదానికే అయింది" అని మేబెల్ పెట్టె సర్దుకుంది.

ఆదివారం పదింటికి రైళ్ళు ఆగాయి. వంద టన్నులు ఎత్తే క్రేను గొలుసులు తగిలించి లాగింది. గర్డరు కదల్లేదు. పదకొండున్నర దాకా లాగారు. క్రేను మీద బరువు చూపే ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది.

"నలభై టన్నులే కదయ్యా. లాప్‌టాప్‌లో రెండుసార్లు వేసి చూశాను" అన్నాడు రామ్మోహనరావు చెమట తుడుచుకుంటూ.

"మంది దగ్గర ఉంచుకున్నది లెక్కల వేసిన్రా సార్?" అన్నాడు షాలేమ్.

ఇంజనీరు డ్రాయింగు విప్పి చూశాడు. "అయ్యో. డ్రాయింగులో లేదుగా."

"డ్రాయింగ్ గీసిన్నాడు దీని మీద ఎవ్వలూ నడ్వలె గద సార్."

ఎవరి బరువు వాళ్ళు వచ్చి తీసుకోవాలని మార్కెట్‌కు కబురు పోయింది. అవతల చర్చికీ పోయింది. పావుగంటలో జనం వరస కట్టారు. ఒక్కొక్కరే వచ్చి గర్డరు మీద చెయ్యి ఆనించి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. గంగాదేవి మెడ భుజాల్లోకి దిగిపోయింది. "ఇంత మోసీసినానేటి నాను" అని ఆమె తన తల తానే నిమురుకుంది. సాఫ్ట్‌వేరు కుర్రాడు బ్యాగు బరువు తీసుకుని వంగాడు. ఎవరో ముసలాయన వాళ్ళ నాన్న మోసిన బియ్యం బస్తాలు కూడా తనే తీసుకుని, నడుం పట్టుకుని పక్కకు నడిచాడు. తెల్లచీరలో, చేతిలో బైబిలుతో మేబెల్ వచ్చింది. టీచరుగా తను దిద్దడానికి మోసుకెళ్ళిన బడిపిల్లల నోటుపుస్తకాల కట్టల బరువు తీసుకుని, షాలేమ్ వైపు చూడకుండా పక్కకు జరిగింది. ముల్లు గీత గీతగా దిగుతోంది. ఇనుము లోపల్నుంచి సన్నగా మూలుగు వినిపిస్తోంది.

ఒంటిగంటకు వరస అయిపోయింది. ముల్లు ఎర్రగీతకు ఒక్క వెంట్రుకంత పైన నిలిచిపోయింది.

"ఇంకెవరిది?" అన్నాడు రామ్మోహనరావు.

గంగాదేవి షాలేమ్ దగ్గరికి వచ్చింది. "నీదుండిపోనాది బాబూ. ఆ రోజు నీ ఎనకాల నానే నడిచినాను."

"నేనేం మొయ్యలె గంగమ్మా. చేతుల్ల ఏం లేనట్టే ఉండె."

"అందుకే సెప్తన్నాను."

షాలేమ్‌కు భయం వేసింది. ఎంత ఎత్తు ఎక్కినా, ఎంత పెద్ద రైలు పక్కనుంచి పోయినా వెయ్యని భయం. సుత్తి కింద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, రెండు అరచేతులూ ఇనుముకు ఆనించాడు.

చేతులు మోచేతుల దాకా కిందికి జారాయి. అతను వాటిని గబుక్కున ఎత్తి రొమ్ముకు దగ్గరగా తెచ్చుకున్నాడు. రెండున్నర కిలోలుంటుందేమో. కంకర మీద కూర్చుండిపోయి, ఏడేళ్ళకు, గట్టిగా ఏడ్చాడు.

అతని వెనుక వంతెన లేచింది. స్తంభానికీ గర్డరుకూ నడుమ జానెడు సందు తెరుచుకుంది. రాణిగారి కాలం నుంచీ ఎండ తగలని రాయి మీద ఎండ పడింది. అది చూసి క్రేను నడిపేవాడు టోపీ తీసేశాడు.

షాలేమ్ లేచి, చేతులు అలాగే పట్టుకుని మేబెల్ ముందు నిలబడ్డాడు. "గింత బరువుండెనా మేబెల్" అన్నాడు.

ఆమె బైబిలు గంగాదేవికిచ్చి చేతులు చాచింది. "జెర ఇటియ్యి."

అతను ఇచ్చాడు. ఆమె చేతులూ అంతే దిగాయి.

రెండింటికి మొదటి రైలు కొత్త బేరింగుల మీదుగా పోయింది. సోమవారం నుంచి హల్కా పుల్ మళ్ళీ అందరి సంచులూ తేలిక చేస్తోంది. షాలేమ్ మాత్రం మార్కెట్‌కు వెళ్ళాలంటే రోడ్డు చుట్టూ తిరిగి ఆటోలో పోతాడు. డ్యూటీ మీద వంతెన ఎక్కాల్సిన రోజున, టిఫిన్ డబ్బా అందుకునే ముందు, గుమ్మంలో తన చేతుల్లోది, ఇంటికి తిరిగొచ్చిన మేబెల్ చేతుల్లో పెట్టి వెళ్తాడు.