మూడక్షరాల కబ్జా

నేను ఒక పేరుని. మనిషి పేరూ కాదు, ఊరి పేరూ కాదు. ఇంటర్నెట్టులో ఒక చిరునామాని. మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక చుక్క, ఆ తరవాత కామ్. అంతే నా ఒళ్ళు. ఆ మూడక్షరాలేమిటో మాత్రం చెప్పను. చెప్పిన మరుక్షణం మీరు ఫోను తీసి కొట్టి చూస్తారు, ఆపైన ధరెంతో వాకబు చేస్తారు. మీ జాతి సంగతి నాకు తెలియనిది కాదు. నా మూలంగా ఇప్పటికే రెండు శవాలు లేచాయి, చాలు.

ఇంగ్లీషులో ఉన్నవి ఇరవై ఆరు అక్షరాలు. వాటిని మూడేసి చొప్పున ఎన్ని రకాలుగా పేర్చినా పదిహేడు వేల అయిదువందల డెబ్భై ఆరు పేర్లే వస్తాయి. ఇంకొక్కటి పుట్టదు. గాజువాకలో నేల ఎలా పెరగదో మేమూ అలాగే పెరగం; పెరిగేది మా ధరే. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, పేరు ఎంత పొట్టిదైతే అంత గిరాకీ.

నన్ను మొదట రాయించుకున్నది అమెరికాలో ఈతకొలనులు కడిగే కంపెనీ ఒకటి. అది దివాలా తీసింది, నా ఏడాది రుసుము కట్టడం మరిచిపోయింది. రెండువేల మూడులో నేను దిక్కులేనిదాన్నై గాలిలో ఉన్నప్పుడు, గాజువాకలో నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటరు నడిపే సన్యాసిరావు నన్ను కొట్టి చూశాడు. తన సెంటరు పేరులోని మొదటి అక్షరాలు నావేనట. స్టీలు ప్లాంటు ఇంజనీరొకాయన క్రెడిట్ కార్డు అరువు తీసుకుని, ఆయన చేతిలో నాలుగువందల యాభై పెట్టి నన్ను తనదాన్ని చేసుకున్నాడు. నెట్ సెంటర్లు చచ్చిపోయి అతడిది జెరాక్సు షాపు అయ్యాక కూడా ఏటేటా నాకు రుసుము కడుతూనే వచ్చాడు.

నన్ను కొంటామని మొదటి ఉత్తరం రెండువేల తొమ్మిదిలో వచ్చింది. అయిదు వేల డాలర్లు. ఆ రోజుల్లో ఆఫ్రికా రాణిగారు తన ఆస్తి మీతో పంచుకుంటానని రోజూ ఉత్తరాలు రాస్తుండేది. ఇది కూడా ఆవిడ బాపతే అనుకుని సన్యాసిరావు చెత్తబుట్టలో పడేశాడు. తరవాత చైనావాళ్ళు పొట్టి పేర్ల మీద ఎగబడ్డ ఏడాది, ముప్ఫై లక్షలన్నారు. ఆ తరవాత తొంభై. చివరికి హైదరాబాదు దళారి ఒకడు నాలుగు కోట్లన్నాడు.

"అమ్మేయండి," అంది అతడి భార్య వరహాలమ్మ. "వానొస్తే జెరాక్సు మిషను మీద గొడుగెట్టాల్సొస్తంది. ఆ డబ్బుతో స్లాబేయించుకుందాం."

"ఇదిగో, నీకేటి తెలుసు? మా అయ్య ఇలాగే తొందరపడిపోనాడు."

అతడి తండ్రి మూడెకరాల జీడితోటను కారుచవకగా అమ్మేశాడు. తరవాత ఆ తోటలో లేచిన అపార్టుమెంటుకే వాచ్‌మన్‌గా చేరి, లిఫ్టు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని కన్నుమూశాడు. అందుకే సన్యాసిరావు అమ్మడు. ఆగుతాడు. ఇంకా ఆగుతాడు. ఆగడం తప్పు కాదు గానీ, మంగలి షాపులో సబ్బు నురగ మధ్య నుంచి "నాలుగు కోట్లకి కూడా నేదన్నాను" అని చాటుకోవడం తప్పు. ఆశ లావు, పీక సన్నం అంటారు. ఆ సన్నటి పీక మీద అప్పుడు మంగలి కత్తి ఉంది. పక్క కుర్చీలో దాలినాయుడు ఉన్నాడు.

దాలినాయుడి పని ఖాళీ జాగాలు. పొద్దున్న రాళ్ళు పాతుతాడు, మధ్యాహ్నానికి బోర్డు పెడతాడు, సాయంత్రానికి కాగితాలు పుట్టిస్తాడు. సొంతదారు లబోదిబోమంటూ వస్తే ముందు తంతాడు, తరవాత కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాడు. దాన్ని సెటిల్‌మెంటు అంటారు. మర్నాడే అతడు షాపుకొచ్చాడు.

"ఏటి సన్యాసీ, నాలుగు కోట్ల జాగా ఉందట గదా నీకు. సర్వే నంబరెంత?"

"జాగా కాదు నాయుడుగారూ. పేరండి."

"ఎవుడి పేరు మీదుంది?"

"నా పేరు మీదే."

"అయితే జాగాయే," అన్నాడు దాలినాయుడు. నలభై లక్షలకు రాసిచ్చెయ్యమన్నాడు. సన్యాసిరావు చేతులు జోడించి, కుదరదన్నాడు. దాలినాయుడు కోప్పడలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

మంగళవారం పదకొండు గంటలకు, రోడ్డు నిండా జనం ఉండగానే బొలెరో వచ్చి ఆగింది. ఇద్దరు దిగి సన్యాసిరావు జుట్టు పట్టుకుని తలను జెరాక్సు మిషను అద్దానికేసి కొట్టారు. అద్దం పగిలింది. మిషను మాత్రం తన పని తాను చేసింది. పచ్చటి వెలుతురు అతడి ముఖం కింద అటూ ఇటూ తిరిగి, నెత్తురు ముఖాన్ని ఒక కాపీ తీసి బయటికి తోసింది. లోపలి గదిలో పెళ్ళిపత్రిక టైపు చేస్తున్న వరహాలమ్మ పరుగున వస్తే, ఆవిడ పొట్టలో తన్ని, "నోరెత్తినావా, నీ మొగుణ్ణి ముక్కలుగా అంపుతాం" అన్నారు. బజారంతా చూసింది. చూసి, ఎవరి బేరం వాళ్ళు చేసుకుంది.

అతణ్ణి అనకాపల్లి రోడ్డులో మూతబడ్డ బెల్లం గొడౌనుకు తీసుకెళ్ళారు. దాలినాయుడి మేనల్లుడు కొండబాబు అక్కడ లాప్‌టాప్ తెరిచి నన్ను పిలిచాడు. అలా నేనూ అక్కడికి చేరాను, కళ్ళు మూసుకునే వీలు లేకుండా. నేల జిగటగా ఉంది. సన్యాసిరావు ఎడమచేతిని బెల్లం తూచే కాటా మీద పెట్టి సుత్తి ఎత్తారు.

"కుడిసెయ్యి ముట్టుకోకండ్రా, ఏలిముద్ర కావాల," అన్నాడు దాలినాయుడు. అతడు అలవాటు కొద్దీ స్టాంపు కాగితాలు తెచ్చుకున్నాడు. నాకు తూర్పున ఏముంది, పడమర ఏముంది అని హద్దులు కూడా రాయించాడు, ఏమీ తోచక 'ఖాళీ' అని. ఎడమచేతి వేళ్ళు రెండు చితికాక, పదకొండు కాగితాల మీద కుడి బొటనవేలు ఒత్తించాడు.

ఇంజనీరింగు చదివిన కొండబాబు తల పట్టుకున్నాడు. "మావయ్యా, దీనికి ఏలిముద్రలు సెల్లవు. పాస్‌వర్డు కావాల."

"ముందే సెప్పొచ్చు గదరా," అని దాలినాయుడు విసుక్కున్నాడు. సుత్తి మళ్ళీ లేచింది. సన్యాసిరావు వీరుడేం కాదు. మూడో వేలికి చంటిపిల్లాడిలా ఏడ్చి అంతా చెప్పేశాడు. నాకు అతడి మీద కోపం రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

కానీ మా లోకంలో ఒక ఆచారం ఉంది. పేరు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారాలంటే అయిదు రోజులు ఆగాలి. సొంతదారుకు ఉత్తరం వెళ్తుంది. 'ఒప్పుకోను' అనే మీట అతడు నొక్కితే మార్పు రద్దు. ఏమీ నొక్కకపోతే అయిదో రోజు పేరు కొత్తవాడిది.

"ఐదు రోజులా! రిజిస్ట్రారాఫీసులో ఒక్క పూట పని గదరా!" అని దాలినాయుడు అరిచాడు.

"ఆడు ఆ మీట నొక్కకుండా ఉంటే సాలు మావయ్యా. నొక్కేవోడు మన దగ్గరే ఉన్నాడు గదా."

రెండో రోజు మధ్యాహ్నం గొడౌను ముందు లారీ ఒకటి టైరు పేలి ఆగింది. మాటలు వినబడగానే సన్యాసిరావు ఉన్న ప్రాణమంతా కూడదీసుకుని కేకపెట్టాడు. దాలినాయుడు అతడి నోట్లో గోనెగుడ్డ కుక్కి, గుండెల మీద కూర్చున్నాడు. లారీవాళ్ళు టైరు మార్చుకోవడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా దాలినాయుడు లేవలేదు. కాళ్ళు నేలకేసి కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయాయి. దాలినాయుడు లేచేసరికి సన్యాసిరావు లేడు.

కొండబాబు గోనెగుడ్డ లాగి చూసి, గోడ దాకా వెనక్కి జరిగాడు.

"ఏటయిందిప్పుడు? ఐదు రోజులు ఊరుకుంటే సాలన్నావు. ఆడింక ఊరుకుంటాడు," అన్నాడు దాలినాయుడు. బెల్లం కట్టే తాటాకు చాపల కింద శవాన్ని తోశారు. సాయంత్రానికి చీమలు బారులు తీరాయి. ఆ రోజే ఇంకో దళారి కొండబాబుకు ఫోను చేసి నాకు అయిదు కోట్లు ఇస్తానన్నాడు. నా ధర అంత పెరిగిన రోజు అంతకు ముందు లేదు.

ఇక్కడ వాళ్ళు మరిచిన సంగతి ఒకటుంది. షాపు బోర్డు మీద పేరు సన్యాసిరావుది. పని మాత్రం వరహాలమ్మది. అతడు కౌంటరు దగ్గర కబుర్లు చెప్పేవాడు, ఆవిడ లోపల కూర్చుని ఊరందరి అర్జీలూ టైపు చేసేది. అతడి ఉత్తరాలు తెరిచేదీ ఆవిడే. మంగళవారం సాయంత్రమే ఆ ఉత్తరం నా గుమ్మం మీదుగా షాపు కంప్యూటరుకు వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. మీట ఎక్కడుందో చూసింది.

నొక్కలేదు. నొక్కితే మొగుణ్ణి చంపేస్తారు. ఊరుకుంటే పేరు పోతుంది, మనిషి వస్తాడు. పేరు పోవడం ఆవిడకు లెక్కే కాదు. ఎదుటి టీ బడ్డీలో దాలినాయుడి మనిషి కాపలా ఉన్నాడు. పొట్ట పట్టుకుని, ఉత్త మంచినీళ్ళు తాగి, మూడు పగళ్ళు ఆ తెర ముందే కూర్చుంది. నొక్కమ్మా, నొక్కు, అతడింక లేడు అని నేను మొత్తుకున్నాను. నా మొత్తుకోలు ఎవరికి వినిపిస్తుంది?

నాలుగో రోజు, శుక్రవారం, ఆవిడే మొగుడి నంబరుకు ఫోను చేసింది; ఎత్తింది కొండబాబు. "ఆయన గొంతు ఒక్కసారి ఇనిపించండి బాబూ. నేదంటే నాను స్టేషనుకెల్లిపోతాను."

కొండబాబు మామ వైపు చూశాడు. మామ సైగ చేశాడు. కొండబాబు నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, గొంతు బొంగురు చేసి అన్నాడు: "వరహాలూ, నానేనే. బాగానే ఉన్నాను. రేపొచ్చేత్తాను, బెంగెట్టుకోకు."

గొంతు బాగానే కలిసింది. కానీ ఇరవై ఏడేళ్ళ కాపురంలో సన్యాసిరావు భార్యను పేరు పెట్టి ఒక్కసారి కూడా పిలవలేదు. వాళ్ళ ఇళ్ళల్లో మొగుడు పెళ్ళాం పేరు పలకడు. 'ఇదిగో' అంటాడు, 'ఓయ్' అంటాడు, కోపం వస్తే గిన్నె విసిరి పిలుస్తాడు. కొండబాబుకు ఆ సంగతి తెలియదు. అతడు పెళ్ళికి ముందే పిల్లను పేరుతో పిలిచే కాలం వాడు.

"అలాగేనండి," అంది వరహాలమ్మ. ఫోను పెట్టేసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, బల్లకేసి నుదురు కొట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నుదురు చిట్లి నెత్తురు ముక్కు మీదికి కారింది. గొంతులోంచి వచ్చిన మూలుగును మనిషి గొంతని నేను చెప్పలేను. ఆ తరవాత మొహం తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుని, ఒప్పుకోను అన్న మీట నొక్కింది. స్టేషన్లో ఎలాగూ అడుగుతారని ఉత్తరాన్ని మూడు కాపీలు ప్రింటు తీసుకుని, వెనక తలుపు గుండా వెళ్ళి ఆటో ఎక్కింది.

అక్కడ గొడౌన్లో లాప్‌టాప్ మీద రెండు ముక్కలు వెలిగాయి: సొంతదారు తిరస్కరించాడు.

"ఎవుడ్రా నొక్కింది?" అన్నాడు దాలినాయుడు.

కొండబాబు చాపల వైపు చూశాడు. "సొంతదారు, మావయ్యా."

"ఆడు సచ్చి రెండు రోజులైపోనాది గదరా!"

కాసేపు ఇద్దరికీ చీమలు తప్ప ఏమీ కనబడలేదు. దాలినాయుడికి దయ్యాల మీద నమ్మకం లేదు. అతడికి నమ్మకమున్నది ధరల మీదే. "ఐదు కోట్లోడితో నువ్వు బేరమాడుకున్నావు. పాస్‌వర్డు నీకాడే ఉంది. నువ్వే నొక్కినావు," అన్నాడు.

"నీ కాలు మొక్కుతాను మావయ్యా, నాను కాదు..."

బెల్లం చెక్కే కత్తి గోడకే వేలాడుతోంది. మొదటి వేటుకు కొండబాబు చెయ్యి అడ్డం పెట్టాడు, రెండోదానికి చెయ్యి లేదు. నెత్తురు లాప్‌టాప్ మీద, నా మూడక్షరాల మీద చిమ్మింది. సొంత అక్క కొడుకు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని నూకాలమ్మ జాతర చూపించినవాడు. సన్యాసిరావు ఫోను ఎక్కడ మోగిందో ఆరా తీసి వచ్చిన పోలీసులు తలుపు బద్దలుకొట్టేటప్పటికి దాలినాయుడు ఇంకా నరుకుతూనే ఉన్నాడు, కొండబాబు ఎప్పుడో చచ్చిపోయినా.

కోర్టు నన్ను మూడేళ్ళు కదలకుండా కట్టేసింది. దాలినాయుడికి యావజ్జీవం పడ్డాక, భర్త ఆస్తిగా నన్ను వరహాలమ్మకు అప్పగించారు. ఈ గొడవ పేపర్లలో పడి నా పేరు నలుగురి నోళ్ళలో నానింది. దాంతో ధర ఇంకా ఎగబాకింది. మనుషులు పోయేకొద్దీ పేరు ముద్దొస్తుంది కాబోలు మీకు.

మొన్న హైదరాబాదు దళారి ఆ షాపుకు వచ్చాడు. పైకప్పు ఇంకా రేకులే. ఆవిడ ఎవరిదో రేషను కార్డు కాపీ తీస్తోంది. నుదుటి మీద మచ్చ అలాగే ఉంది.

"తొమ్మిది కోట్లమ్మా," అన్నాడతను. "ఇంతకన్నా ఎవరూ ఇవ్వరు. ఇలాంటి పేరు మళ్ళీ దొరకదు. ఒక్క సంతకం చేస్తే మీ జన్మ ధన్యమైపోతుంది."

వరహాలమ్మ కాపీ ఇచ్చేసి అతడి వైపు తిరిగింది.

"పేరంటే పిలిత్తే పలకాల గదా బాబూ?"

"అంటే... అవుననుకోండి."

"అయితే దీన్ని ఓసారి గట్టిగా పిలు. ఎవులైనా పలికితే ఊరికే ఇచ్చేత్తాను, పట్టుకుపో."

దళారి నవ్వబోయాడు. ఆవిడ నవ్వడం లేదు. ఆవిడ వీధి వైపు చూస్తూ నిజంగానే జవాబు కోసం ఆగింది. అతను నోరు తెరిచి, నా మొదటి అక్షరం దాకా వచ్చి, ఆపైన పలకలేక బ్యాగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.