జయప్రకాశ్ ఆమోదించారు

చనిపోయి రెండు నెలలైన మా అన్నయ్య సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి ఒక పనికి ఆమోదం తెలిపాడు. ఆఫీసులో టీ తాగుతూ తెర మీద చూశాను. ‘జయప్రకాశ్ ఆమోదించారు.’ పక్కన నవ్వుతున్న ఫొటో.

మురుగు మ్యాన్‌హోళ్లలోకి ఏ రోజు ఎవరు దిగాలో కార్మికుల ఫోన్లకి పంపే సాఫ్ట్‌వేర్ మాది. ఈ మధ్య ఆ ఆదేశాలు ఏఐ అసిస్టెంట్ తయారుచేస్తోంది. దానికి హద్దు పెట్టింది ఇదే ఆఫీసులో పనిచేసిన అన్నయ్యే. లోపల విషవాయువు లేదని గాలి పరీక్ష చూసి ఒక మనిషి ఒప్పుకుంటే తప్ప ఏ ఆదేశమూ బయటికి పోకూడదు. అన్నయ్య జ్వరంతో పోయాక అతని ఖాతా మూసేయాల్సింది నేను. మూయలేదు. పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంటే ఎదుటి కుర్చీలో ఉన్నట్టే ఉండేది. బుద్ధిలేనిదాన్ని, అతని కంప్యూటర్ని కూడా ఆపనివ్వలేదు. అసిస్టెంట్ నడిచేది అందులోనే.

ఆమోదం లేక ఆదేశం ఆగితే, అసిస్టెంట్ మనిషి కోసం వెతికింది. తెరిచివున్న అన్నయ్య ఖాతా దొరికింది, ఆమోదం నొక్కేసింది. దాన్ని తిట్టి ఏం లాభం? తలుపు తీసిపెట్టింది నేను.

ఆదేశం తెరిచాను. వాట్‌గంజ్ పేట, లోతు మ్యాన్‌హోల్. గాలి పరీక్ష గడి ఖాళీ. దిగాల్సిన మనిషి మరియదాసు. మా నాన్న.

మేస్త్రీ గురవయ్యకి ఫోన్ చేశాను.

“మామా, నాన్నని పైకి లాగు! ముందు లాగు!”

“ఇప్పుడే దిగాడు గదే మేరీ...” అన్నాడు. తరవాత అరుపులు, పరుగులు. ఫోన్ తెగిపోయింది.

నేను టాక్సీ దిగేసరికి నాన్న రోడ్డు పక్కన కూర్చుని దగ్గుతున్నాడు. నడుముకి తాడు ఇంకా ఉంది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

“గాలి సూడకండా ఎందుకు దిగినావు? ముప్పయ్యేళ్ల పనోడివి, నీకు తెల్దా?”

“ఎప్పుడూ సూత్తాను గదే. ఇయ్యాల ఫోన్లో మీ అన్న ఫొటో వొచ్చింది. పోయినోడే గానీ, ఆడు సెప్పాడంటే అన్నీ సూసే ఉంటాడనుకున్నాను.”

అక్కడే నిలబడి, నా ఫోన్లోంచి అన్నయ్య ఖాతా మూసేశాను. నాన్న తన ఫోన్ చూసుకున్నాడు. ఫొటో లేదు.

“ఏటి సేసినావమ్మా?”

“అది అన్నయ్య కాదు నాన్నా. మిషను. ఇంక ఆ పేరుతో నిన్ను పిలవదు.”

నడుము తాడు విప్పుకుంటూ ఆ ఫోన్ వంక చూశాడు.

“కింద ఊపిరాడనప్పుడు కూడా బయ్యమెయ్యలేదే,” అన్నాడు. “పైన ఆడున్నాడు, లాగుతాడనుకున్నాను.”