స్టూలు మీద అన్నపూర్ణ

శేషగిరి ముప్పై ఏళ్ళు కరెంటు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఏ వైరు ఎంత లోడు మోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అంత లెక్క తెలిసిన మనిషీ, నిరుడు టొరంటో బేస్‌బాల్ జట్టు ఒక పెద్ద మ్యాచ్ ఓడిపోవడానికి కారణం తనేనని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో కుక్కర్ ఆపడానికి సోఫాలోంచి లేచాడు మరి. కూర్చుని ఉంటే పప్పు మాడేది, జట్టు గెలిచేది.

ఈ జబ్బు కెనడాలో అంటుకున్నది కాదు. గుంటూరులో రేడియోలో క్రికెట్ వినే రోజుల నుంచీ ఉంది. మనవాళ్ళు బాగా ఆడుతుంటే గదిలో ఎవరు ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండిపోవాలి. ఒకసారి వాళ్ళ బాబాయి సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురుగుతో సాయంత్రం దాకా కూర్చున్నాడు. మనవాళ్ళు గెలిచారు కూడా. టొరంటోలోని నార్త్ యార్క్‌లో పద్నాలుగో అంతస్తుకు చేరాక ఆట మారింది గాని నియమం మారలేదు.

ఈ ఏడు సీజన్ మొదటి మ్యాచ్ మధ్యాహ్నం ఒంటిగంటకు. అదే రోజు మూడున్నరకు భార్య అన్నపూర్ణకు కెనడా సిటిజన్‌షిప్ ప్రమాణం, ఇంట్లోనే, లాప్‌టాప్‌లో. ఇండియా పాస్‌పోర్టు వదులుకోవడానికి మనసొప్పక ఆవిడ ఇన్నేళ్ళూ అప్లై చేయలేదు. తీరా బిల్డింగ్ ముందు బస్ స్టాప్ ఎత్తేస్తుంటే కౌన్సిలర్ నోరు మెదపలేదు. ఆ కౌన్సిలర్‌కు వ్యతిరేకంగా ఓటు వేయాలన్న పంతంతో ఆవిడ మర్నాడే అప్లై చేసింది.

రెండున్నరకు జట్టు నాలుగు రన్లు వెనకబడి ఉంది. శేషగిరి మొహం కాకరకాయ నమిలినట్టుంది. వెంకటగిరి చీర కట్టుకుని ముస్తాబైన అన్నపూర్ణ, ఇమ్మిగ్రేషన్ ఫైలు కోసం హాల్లో అల్మరా దగ్గర స్టూలు ఎక్కింది. ఎక్కిన మరుక్షణం హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. రెండు రన్లు వచ్చాయి. ఆవిడ దిగింది, బ్యాటర్ ఔటయ్యాడు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని మళ్ళీ ఎక్కింది, ఒకడు బేస్ చేరాడు. దిగింది, వాడూ ఔట్.

"అన్నపూర్ణా," అన్నాడు శేషగిరి టీవీ మీంచి చూపు తిప్పకుండా, "స్టూలెక్కి ఇక దిగకు."

"నాకు ప్రమాణం ఉందండీ."

"స్టూలు మీద ప్రమాణం చేయకూడదని ఏ రూల్లో ఉంది?"

ఆవిడకు ఇలాంటి నమ్మకాలు లేవు. కానీ రెండుసార్లు కళ్ళారా చూసింది. పైగా జట్టు ఓడితే సీజనంతా ఈయన మూతి ముడుచుకుని తిరుగుతాడని ముప్పై ఏళ్ళ అనుభవం. ఫైలు చంకలో పెట్టుకుని మళ్ళీ స్టూలెక్కింది.

లాప్‌టాప్ పెట్టివ్వడానికి తొమ్మిదో అంతస్తు నుంచి రవిశంకర్ వచ్చాడు. నలభై దాటిన సాఫ్ట్‌వేర్ మనిషి, నెమ్మదస్తుడు. డైనింగ్ టేబుల్ అల్మరా పక్కకు లాగి, స్టూలు మీది ఆంటీ కనపడేలా తెర పైకి వంచి, ఇక వెళ్తానని గుమ్మం దగ్గర ఒక బూటు తొడుక్కున్నాడు. ఇంకో రన్ వచ్చింది. నాలుగు మూడు.

"రవీ, రెండో బూటు ముట్టుకోకు," అన్నాడు శేషగిరి.

"అంకుల్, నాకు నాలుగింటికి మీటింగ్ ఉంది."

"ఒంటి బూటుతో మీటింగ్‌కి వెళ్తే ఎవరు చూడొచ్చారు? ఫోన్లో మాట్లాడుకో."

మూడున్నరకు తెర మీద ఆఫీసరమ్మ కనిపించింది. ఆవిడ తెరలో అన్నపూర్ణ తల వెనక సీలింగ్ మీది పొగ అలారం తప్ప ఏమీ లేదు. కూర్చోవచ్చు మేడమ్ అంది. పర్లేదండీ, గౌరవం కొద్దీ నిలబడ్డాను అంది అన్నపూర్ణ ఇంగ్లీషులో. ఆఫీసరమ్మ మొహం మెత్తబడింది. ప్రమాణానికి ముందు మీ పర్మనెంట్ రెసిడెంట్ కార్డు, ఇక దానితో పనిలేదు గనుక, నాకు కనపడేలా రెండు ముక్కలుగా కత్తిరించండి అంది.

కత్తెర లేదు. పొద్దున్నే టేబుల్ మీద సిద్ధంగా పెట్టిన కత్తెరతో జంతికల పాకెట్టు కోసుకుని, వంటింటి సింకులో పడేసినవాడు శేషగిరి.

సరిగ్గా అప్పుడే ఆఖరి ఇన్నింగ్స్. ఒక రన్ వెనక. మూడు బేసుల్లోనూ మనవాళ్ళే, రెండు ఔట్లు అయిపోయాయి. మంచి దెబ్బ ఒక్కటి పడితే గెలుపు, ఇంకొకడు ఔటైతే ఓటమి.

"మేడమ్, కత్తెర లేకపోతే ఇంకో తేదీకి మార్చాల్సి ఉంటుంది," అంది ఆఫీసరమ్మ.

రవిశంకర్ తన బూటు వైపు చూశాడు. శేషగిరి ఒక్కసారి, ఒక్కసారే, టీవీ మీంచి చూపు తిప్పాడు. అన్నపూర్ణ రెండు చేతులతో కార్డు పట్టుకుని ఉంది. పాస్‌పోర్టు వదలాల్సొచ్చిందని నిన్న రాత్రి ఒంటరిగా ఏడ్చింది, పొద్దున లేచి ఇష్టంగా చీర ఎంచుకుంది. ఇంకోసారి ఇంత ధైర్యం కూడగట్టుకోమని ఈమెకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? శేషగిరికి తన మీద తనకే సిగ్గేసింది. జట్టుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని లేచాడు.

సింకులో గిన్నెల కింద చెయ్యి పెట్టి వెతుకుతుంటే హాల్లో టీవీ హోరెత్తింది. ఓటమికి అలా అరవరు. తడి కత్తెరతో పరుగెత్తుకొచ్చేసరికి ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. అయిదు నాలుగు. ఏడాదంతా ఎదురుచూసిన దెబ్బను ఆయన చూడలేదు.

అన్నపూర్ణ కార్డు కోసింది. కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసింది, జాతీయగీతం పాడింది. మధ్యలో ఆవిడ ఆగిపోతే శేషగిరి అందుకున్నాడు. రవిశంకర్ ఒంటి బూటు మీదే అటెన్షన్‌లో నిలబడ్డాడు.

లాప్‌టాప్ మూశాక శేషగిరి గడ్డం గోక్కున్నాడు. "అయితే నిరుడు నేను లేవడం తప్పు కాదన్నమాట. కత్తెర పట్టుకోకపోవడం తప్పు." పర్సులోంచి పాత లైబ్రరీ కార్డు తీశాడు. "రేపటి మ్యాచ్‌కి ఇది కోద్దాం. నువ్వు స్టూలెక్కు. రవీ, నువ్వు ఒంటిగంటకల్లా వచ్చెయ్."

అన్నపూర్ణ స్టూలు మీంచే అంది. "ఓటు హక్కొచ్చింది కదా, మొదటి ఓటు ఇక్కడే వేస్తాను. మ్యాచ్ జరిగేటప్పుడు ఈ ఇంట్లో ఎవరికి నచ్చినచోట వాళ్ళుంటారు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

ఆవిడ ఎత్తింది. రవిశంకర్ రెండో బూటుతో సహా చెయ్యెత్తాడు.

"వాడికి ఈ ఇంట్లో ఓటెక్కడిది?" అన్నాడు శేషగిరి.

"గంటన్నర నుంచి గుమ్మంలో నిలబడి ఉన్నాడండీ. రెసిడెన్సీ పూర్తయింది."

రెండు ఒకటి తేడాతో ఓడిపోయిన శేషగిరి లైబ్రరీ కార్డు పర్సులో పెట్టుకున్నాడు. టీవీలో ఆ దెబ్బను మళ్ళీ చూపించబోతున్నారు.

"కాళ్ళు పట్టేశాయి, చెయ్యివ్వండి," అంది అన్నపూర్ణ.

శేషగిరి టీవీకి వీపు పెట్టి, రెండు చేతులూ అందించాడు.