హరిలాల్ బార్‌లో పొగ బంద్

"సిగరెట్ ఎన్నేండ్ల సంది తాగుతున్నవమ్మా?" అని అడిగింది సూర్యాపేట డాక్టరమ్మ. నా ఎక్స్‌రే ఆమె చేతిలోనే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నలభై మూడేళ్లొచ్చాయి, ఏనాడూ బీడీ ముట్టినదాన్ని కాను. మిర్యాలగూడలో ఒక బార్‌లో వంట చేస్తానని చెప్పాక ఆమె కలం కింద పెట్టింది. ఇంకా ఆ పొగలోనే ఉంటే ఊపిరితిత్తులు పూర్తిగా పాడవుతాయని, పొగన్నా మానాలి, పనన్నా మానాలి అని తేల్చి చెప్పింది. నేను తాగని పొగను నేనెట్లా మానేది?

పని మానడం నా వల్ల కాదు. తొమ్మిదేళ్లుగా నా మటన్ ఫ్రై కోసం త్రిపురారం నుంచి కూడా మనుషులు వస్తున్నారు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. ఇంట్లో అందరూ నా మాటకు అడ్డం తగిలేవాళ్లే గానీ, ఆ పొయ్యి దగ్గర మాత్రం నేను చెప్పిందే వేదం. పైగా ఇల్లు గడిచేది కూడా ఆ పని మీదే.

చిక్కంతా హాల్‌తో వచ్చింది. ఏసీ కోసం కిటికీలన్నీ మూసేశారు. గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఒక్కటే, అదీ నా వంటగదిలో. ముప్పై మంది ఊదిన పొగంతా ప్లేట్లు అందించే కిటికీలోంచి నా ముఖం మీదుగా పోవాల్సిందే. హాల్ గోడకు 'పొగ త్రాగరాదు' అని బోర్డు ఉంది. దాని కింది టేబుల్ మీదే అన్నిటికన్నా పెద్ద యాష్‌ట్రే ఉండేది.

ఓనర్ హరిలాల్ మా తండావాడే, నాకు అన్న వరస. పొగ బంద్ చెయ్యమని అడిగాను. సిగరెట్ లేకుండా మందు ఎవడు తాగుతాడు, అందరూ పక్క బార్‌కు పోతారు అన్నాడు. మేడ మీద ఖాళీ జాగా ఉంది కదా, అక్కడికి పంపు అన్నాను. మందు కొట్టినవాళ్లు మెట్లెక్కుతారా అన్నాడు. రోజూ మధ్యాహ్నం వచ్చే రిటైర్డ్ టీచర్ సాంసన్ సార్ ఈ మాటలు విని మధ్యలో దూరాడు. నోట్లో సిగరెట్ అట్లాగే ఉంచుకుని, మనిషి స్వేచ్ఛ మీద నాకు పాఠం మొదలుపెట్టాడు.

"నా పైసలు, నా ఊపిరితిత్తులు. నడుమ నీకేం కష్టం సోనీ?"

"మీ ఊపిరితిత్తులు మీయే సార్. మరి నాయి ఎవరియి?"

సార్ పాఠం ఆపాడు. సిగరెట్ మాత్రం ఆర్పలేదు.

పోలీసులకు చెప్పొచ్చు. ఒక రోజు భయపడి మర్నాడు మళ్లీ ముట్టిస్తారు. అందుకే మా తండా పెద్ద జైరాం నాయక్ ముందు పంచాయితీ పెట్టించాను. హరిలాల్ గోడ మీద బోర్డును లెక్క చేయడు గానీ, నాయక్ కబురు పెడితే చేతిలో ముద్ద వదిలేసి వస్తాడు.

ఆదివారం పొద్దున కూర్చున్నారు. తమాషా ఏమిటంటే, పొగ మీద నా గోడు వినడానికి వచ్చిన నలుగురు పెద్దల చేతుల్లోనూ బీడీలే. నేను రెండు మాటలు చెప్పానో లేదో దగ్గు అందుకుంది. డొక్కలు పట్టుకుని కూలబడ్డాను. అందరి ముందూ మాట పూర్తి చేయలేకపోయానని సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. జైరాం నాయక్ నన్ను చూసి తన బీడీని నేలకు రాసి ఆర్పేశాడు. మిగతా ముగ్గురూ ఆర్పేశారు.

తర్వాత హరిలాల్‌ను అడిగారు. బార్ తెరిచే టైమయిందని అతనిది ఒకటే తొందర. సరే, హాల్‌లో పొగ బంద్ చేస్తానన్నాడు. మా తండాలో ఒప్పుకున్న మాటకు బెల్లమే సాక్షి. పెద్దల ముందు బెల్లం తిన్నాక వెనక్కి పోవడం లేదు. షరతులుంటే ముందే చెప్పుకోవాలి. హరిలాల్ గబగబా ముక్క మింగి, చేతులు దులుపుకుంటూ, ఒక్క నెల మాత్రమే చేసి చూస్తానన్నాడు.

"బెల్లం మింగినంక చెప్పింది లెక్కకు రాదు, హరిలాల్," అన్నాడు నాయక్. "నెల అనేది ఉంటె ముందుగాల్నే అనాలె."

హరిలాల్ ముఖం చూడాల్సిందే. ఇన్నేళ్ల తండా మనిషి, చిన్నపిల్లలు కూడా చేయని పొరపాటు చేశాడు. నాకు దగ్గులోనే నవ్వొచ్చింది.

మర్నాడు యాష్‌ట్రేలన్నీ మేడెక్కాయి. సాంసన్ సార్ కూడా సిగరెట్ కోసం మెట్టుమెట్టుకూ నన్ను తిట్టుకుంటూ ఎక్కాడు. కొందరు పక్క బార్‌కు పోయారు. హరిలాల్ నాతో మాట్లాడటం మానేశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ భయం పట్టుకుంది. బార్ ఖాళీ అయితే నా పొయ్యి నేనే ఆర్పుకున్నదాన్ని అవుతాను కదా.

పదో రోజు మధ్యాహ్నం రైస్‌మిల్లు ఓనర్ ప్రేమ్ కుమార్ ఎనిమిది మందిని వెంటేసుకుని వచ్చాడు. ఆయన వస్తే హరిలాల్ కుర్చీలోంచి లేచి నిలబడతాడు. తొమ్మిది ప్లేట్లు మటన్ ఫ్రై చెప్పి, ఆయన దర్జాగా సిగరెట్ ముట్టించాడు. సర్వర్ అక్కడే బిగుసుకుపోయాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. హరిలాల్ రెండు చేతులూ జోడించి ఆయన దగ్గరికి పోయాడు. అయిపోయింది, ఇగ లొంగిపోయాడు అనుకున్నాను.

"సార్, గీడ కుదరది. మీదికన్న పోండ్రి, బయటికన్న పోండ్రి."

"నాకే చెప్తున్నవా?"

"మా పెద్దల ముందట బెల్లం తిన్న సార్. మాట తప్పితె మా తండాల నాకు మొఖం ఉండది."

ప్రేమ్ కుమార్ లేచాడు. వెనకే ఎనిమిది మందీ లేచారు. అందరూ బయటికి నడిచారు. హరిలాల్ కిటికీ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, దిగులు ఉంది. పాపం అనిపించింది.

ఫ్రై అప్పుడే దిగింది. తొమ్మిది ప్లేట్లలో పెట్టి, సర్వర్‌ను పిలవకుండా నేనే తెచ్చి ఆ ఖాళీ టేబుల్ మీద వరసగా సర్దాను. తర్వాత గుమ్మం దాకా పోయాను. ఆయన ఇంకా మెట్ల దగ్గరే నిలబడి పొగ వదులుతున్నాడు.

"సార్, ఫ్రై వేడి మీదున్నది. సల్లారితె నన్ను అనొద్దు."

ఆయన నా వైపు చూశాడు, లోపలి ప్లేట్ల వైపు చూశాడు. సగం కాలిన సిగరెట్ కింద పడేసి, చెప్పుతో నలిపి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నాడు. వెనకే ఎనిమిది మందీ వచ్చారు. హాల్‌లో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. సాంసన్ సార్ అయితే టేబుల్ మీద దబదబా చరిచాడు.

నేను వంటగదిలోకి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. వేగిన మటన్ వాసన తప్ప ఇంకే వాసనా లేదు. దగ్గు రాలేదు. గెలిచాను. పని మానేది లేదు. ఇంకో పదేళ్లు ఈ పొయ్యి నాదే.