పేరు లేని చొక్కాలు

చిన్నకోడలిని ఇద్దరు వాచ్‌మన్లు రెక్క పట్టుకుని గేటు బయటికి నెడుతుంటే ప్రెస్ గది మొత్తం చూసింది. తల ఎత్తనిది పెద్దకోడలు ఒక్కతే. ఇద్దరూ తోడికోడళ్లు. ఒకే ఇల్లు, ఒకే ఫ్యాక్టరీ. ఆటగాళ్ల చొక్కాల మీద వేడి ప్రెస్సుతో అక్షరాలు అంటించే పని.

ఫ్యాక్టరీ యజమానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఉంది. ఈ ఏడాది క్లబ్బుకు స్పాన్సర్ తన ఫ్యాక్టరీయేనని, చొక్కాల మీద దాని పేరే ఉంటుందని వారం కిందట ప్రకటించాడు. ఆ చొక్కా తొడుక్కుని కెమెరాల ముందు తన పక్కన నిలబడటానికి కార్మికుల్లోంచి ఒకరిని ఎంచాడు. పదిహేనేళ్లుగా పొగ మింగుతున్న పెద్దకోడల్ని కాదు, నిన్నగాక మొన్న చేరిన చిన్నదాన్ని. అత్తగారు వాడంతా చెప్పుకుని మురిసిపోయింది. పెద్దకోడలికి కుళ్లుతో కడుపు భగభగమంది.

ఖర్మ కాకపోతే ఆ చొక్కా ఆమె ప్రెస్సు మీదికే వచ్చింది. అక్షరాలు చల్లారేదాకా ఆగి పైపొర లాగాలి. వేడి మీద లాగితే అంటినట్టే కనిపిస్తాయి గాని పట్టు ఉండదు. ఆమె ఆగలేదు.

వేదిక మీద చిన్నకోడలు చెయ్యి ఊపగానే కంపెనీ పేరు సగం ఊడి వేలాడింది. జనం నవ్వారు. కావాలనే పీకిందన్నాడు యజమాని. అందుకే ఇప్పుడీ గెంటివేత.

మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరూ క్యారేజీలు విప్పలేదు.

"పొగ పోయే ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు. తెరవమంటే చొక్కాల మీద దుమ్ము పడుతుందన్నారు, ఫ్యాను అడిగితే నష్టాలన్నారు," అన్నాడు కాజాలు కుట్టే తాత. "మరి క్లబ్బుకు డబ్బు కట్టి చొక్కా మీద పేరు వేయించుకోడానికి నష్టం అడ్డం రాలేదే?"

"క్లబ్బూ ఆయనదే కదా తాతా," అన్నారెవరో.

"అదే చెప్తున్నా. అత్త సొమ్ము అల్లుడు దానం. ఆ దానం కూడా తనకే."

"ఆయన సంగతి సరే, చొక్కా పీకడం ఆ పిల్ల తప్పేగా," అంది గుండీలు కుట్టే గుండీలామె.

పెద్దకోడలు లేచింది.

"అది పీకలేదు. నేనే వేడి మీద పొర లాగాను. కుళ్లుతో చేశాను. ఆ చొక్కా నాకు రావాలనిపించింది. సిగ్గులేదు నాకు, ఇప్పటికీ అనిపిస్తోంది."

"ఇంటి మనిషి పొట్ట కొట్టడానికి చేతులెలా వచ్చాయే నీకు?" అంది గుండీలామె.

"తిట్లు తర్వాత," అన్నాడు తాత. "ఆయనొక చొక్కా విసిరితే ఒకింటి వాళ్లే పీక్కున్నారు. రేపు ఇంకోటి విసిరితే మిగతావాళ్లం పీక్కుందామా?"

పెద్దకోడలే అంది: "ఆదివారం ఆటకి చొక్కాలు ఈ సాయంత్రం వెళ్లాలి. పేరు అంటించొద్దు. చిన్నది మళ్లీ పనిలోకి వచ్చేదాకా, ఆ కిటికీ తెరిచేదాకా."

"నిన్ను నమ్మి ఆపాలా?" అంది గుండీలామె.

"నన్ను నమ్మకండి. నా ప్రెస్ ఆగిందో లేదో చూసి మీది ఆపండి."

ఆమె స్విచ్ తీసేసింది. ముందుగా లేచి తన ప్రెస్ ఆపింది గుండీలామె పక్కనున్న మూగమనిషి. తర్వాత ఒక్కొక్కటే గదిలోని పద్నాలుగు ప్రెస్సులూ ఆగాయి. సూపర్‌వైజర్ బెదిరించాడు, బతిమాలాడు, చివరికి ఉత్త చొక్కాలే మూట కట్టుకుపోయాడు.

ఆదివారం పదకొండుమంది ఆటగాళ్లూ పేరు లేని బోసి చొక్కాలతో మైదానంలోకి దిగారు. పేరేదని జనం అడిగారు. చౌక టిక్కెట్ల వైపు కూర్చున్న కార్మికులు లేచి చెప్పారు. "కిటికీ తెరవండి" అన్న కేక ఆ వరసల్లో మొదలై మైదానమంతా పాకింది.

పని ఆపించిందని యజమాని ఫిర్యాదు చేస్తే, మైదానం బయట పోలీసులు పెద్దకోడల్ని వ్యాను ఎక్కిస్తుంటే చిన్నకోడలు జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నీ మీద కోపం పోలేదక్కా. పోదు కూడా. కానీ ఎన్నిసార్లు గెంటినా, నువ్వొచ్చేదాకా నీ ప్రెస్ దగ్గర నేనుంటా. స్విచ్ ఎవర్నీ ముట్టుకోనివ్వను."

వ్యాను కదిలింది. జనమంతా చిన్నదాని చుట్టూ మూగారు. కిటికీ తెరిచే రోజున అక్కడ తను ఉండదు, చిన్నది ఉంటుంది. పెద్దకోడలికి మళ్లీ కడుపు మండింది. ఊచలకు మొహం ఆనించి అరిచింది:

"కింది మేకు తుప్పుపట్టిందే, ముందు దాన్ని పీకండి."