అద్దాల సందులో ఏనుగు

ఏనుగు అన్న పేరు వాడికి పదేళ్లప్పుడు పడింది. ఇప్పుడు వాడికి పధ్నాలుగు. పేరు మిగిలింది, ఏనుగు మిగల్లేదు.

పదేళ్లప్పుడు ఫుట్‌బాల్ జట్టులో వాడు అందరికన్నా తలకాయంత ఎత్తు. వీడు పదేళ్లవాడంటే మేం నమ్మాలా అని అవతలి జట్టు తల్లులు కోచ్ మీదికి వచ్చేవాళ్లు. బంతి అందిందంటే చాలు, దాన్ని ముందుకు తోసుకుంటూ నేరుగా పరుగెత్తేవాడు. అడ్డొచ్చినవాళ్లు అడ్డొచ్చినట్టే పక్కకు పడేవాళ్లు. జట్టు మొత్తానికి ఒకటే పథకం: "ఏనుగుకి కొట్టు!" వెనక ఎవడికి బంతి దొరికినా కళ్లు మూసుకుని ఆకాశంలోకి లేపేవాడు. కింద ఏనుగు ఉండేవాడు. గోల్ పడేది. కప్పులు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి. ఆ ఫొటోల్లో వాడు మధ్యలో నిలబడితే, చుట్టూ ఉన్నవాళ్లు వాడు బడికి తీసుకెళ్తున్న పిల్లల్లా ఉండేవాళ్లు.

ఆ తర్వాత వాడికి జబ్బు చేయలేదు, దెబ్బ తగల్లేదు. ఊరికే ఆగిపోయాడు. మిగతావాళ్లు పెరిగారు.

అందరికన్నా ఎక్కువ పెరిగినవాడు పిట్ట. అప్పట్లో జట్టులో మరీ పొట్టివాడు కాబట్టి వాడికి ఆ పేరు పెట్టారు. పిట్ట బతకాలంటే ఎవరికీ చిక్కకుండా బతకాలి. అందుకని బంతిని కాలికి అతికించుకున్నట్టు తిప్పడం, గుంపులోంచి నూలుపోగులా జారుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు గుమ్మం దగ్గర తల వంచుకుని లోపలికొస్తున్నాడు. విద్యా ఉంది, పైగా ఎత్తూ వచ్చింది. కొత్త జట్లవాళ్లు వీళ్లిద్దరి పేర్లు విని, ఎవరో తారుమారుగా పిలుస్తున్నారనుకునేవాళ్లు.

ఏనుగు అందరితోపాటు నవ్వేవాడు. పొద్దున్నే మాత్రం తలుపు వేసుకుని, గోడకు వీపు ఆనించి, నెత్తిమీద అరచెయ్యి పెట్టి పెన్సిల్‌తో గీత గీసేవాడు. గీత మీద గీత పడి లావెక్కింది గానీ పైకి పోలేదు. వాణ్ణి కుంగదీసింది ఎత్తు పెరగకపోవడం ఒక్కటే కాదు. ఇన్నాళ్లూ చప్పట్లు కొట్టింది నాకేనా, లేక నాకంటే ముందు నడిచిన నా ఒంటికా అన్న అనుమానం. ఆ అనుమానం నిజమైతే, ఒళ్లు పక్కకు తప్పుకున్నాక అక్కడ నిలబడి ఉన్నది ఎవరు?

సీజన్ మొదట్లో మూడు మ్యాచ్‌లు వరసగా ఓడారు. బంతి ఎప్పట్లాగే ఆకాశంలోకి లేచింది. కింద ఏనుగు ఎప్పట్లాగే ఎగిరాడు. ప్రతిసారీ వాడి నెత్తిమీదుగా ఇంకో నెత్తి వచ్చి బంతిని తన్నుకుపోయింది.

కోచ్ పగటిపూట బస్సుల గ్యారేజీలో మెకానిక్. గ్రీజు వదలని చేతులతో వాణ్ణి భుజమ్మీద తట్టి పక్కకు తీసుకెళ్లాడు.

"ఒరేయ్, సీజన్ చివర పెద్ద జట్టుకు కుర్రాళ్లని ఎంచాలి. ఇలాగే ఆడితే నీ పేరు చెప్పలేను."

"నేను మళ్లీ పెరుగుతాను సార్."

"పెరిగితే సంతోషం. పెరగకపోతే?" కోచ్ నిట్టూర్చాడు. "తప్పు నాది కూడా. నువ్వు ఊరికే నిలబడితేనే గెలిచేవాళ్లం. నడుస్తున్న బండికి బానెట్ ఎవడు తెరుస్తాడు? నీకు నేనేమీ నేర్పలేదురా."

అమ్మ ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చేదాకా ఏనుగు సాయంత్రాలు మేనత్త కొట్లో గడిపేవాడు. అత్తది అద్దాల కొట్టు. వీధివైపు అమ్మకం, వెనక గాజు కోసే గది. ఆ రెంటికీ నడుమ ఒక సందు. దానికి అటూ ఇటూ చెక్క అరల్లో అద్దాలు నిలబెట్టి ఉండేవి. మనిషి అడ్డంగా నడిస్తేనే పట్టే చోటు.

ఆ వారం ఒక నిలువుటద్దాన్ని ముందుకు చేర్చాల్సి వచ్చింది. ఓడిన కసి ఒంట్లో ఉంది. అత్త అవతలి కొస పట్టుకునేలోపే వాడు అద్దాన్ని గట్టిగా వాటేసుకుని ఎత్తేశాడు. ఎత్తి, సందులోకి దూరాడు. సగం దూరం వచ్చాక చూస్తే ముందు ఏదో చెక్కపెట్టె అడ్డం, వెనక్కి తిరిగే వీల్లేదు. పట్టు జారుతోంది.

"అత్తా, దించాలి!"

"ఎక్కడ దించుతావు? నా నెత్తినా? ఎత్తేముందు దించే చోటు చూసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను?"

అద్దం కింది మూల గచ్చుకు తగిలింది. చిన్న చప్పుడు, సన్నటి పగులు. అత్త తిట్లు మొదలుపెట్టింది. ఏనుగు గారి తొండంతో మొదలై వాళ్ల నాన్న చిన్నప్పటి ఘనకార్యాల దాకా వెళ్లి, చివరికి ఒక మాట దగ్గర ఆగింది. "బలం ఉందని ఎత్తం రా. చోటు ఉందని ఎత్తుతాం."

మర్నాడు ప్రాక్టీసులో బంతి వాడివైపు వచ్చింది. వాడు దాన్ని ఆపాడు, ఆపాక తలెత్తి చుట్టూ చూశాడు. అప్పటికే ఇద్దరు మీదికొచ్చేశారు. చేతుల్లో నిలువుటద్దం పట్టుకుని సందు నడుమ ఇరుక్కుపోయినట్టే అయింది. అప్పుడు తెలిసింది వాడికి, ఇన్నేళ్లూ తను ముందు ఎత్తి తర్వాత చూస్తున్నాడని. అందరూ పొట్టిగా ఉన్న రోజుల్లో ఎక్కడ దించినా చెల్లింది.

కొట్లో గాజు కింద పరిచే మెత్తటి ఫెల్టు గుడ్డ ముక్కలు బోలెడు ఉండేవి. వాటిని చుట్టచుట్టి కట్టి బంతి చేశాడు. "ఒక్క అద్దం పగిలినా నీ బూట్లు తూకానికి వేస్తా" అని హెచ్చరించి అత్త ఒప్పుకుంది. సందు చివర ఖాళీ గోడ, దాని పక్కనే ఆ రోజు పగిలిన నిలువుటద్దం. ఇప్పుడు దాన్నెవరూ కొనరు. వాడు బంతిని గోడకు తన్ని, అది తిరిగొచ్చేలోపు అద్దంలో తన వెనక ఏముందో చూసుకునేవాడు. పెట్టె ఎటుంది, అత్త ఎటు నిలబడింది, ఎటు తిరిగితే చోటుంది. బంతి కాలికి తాకేసరికి తిరగాల్సిన వైపు తెలిసిపోయి ఉండాలి. గట్టిగా తాకితే అరకు తగులుతుంది. అందుకని పాదం మెత్తబడింది. గాజును ఫెల్టు మీద ఆనించినట్టు బంతిని కాలి మీద ఆనించుకోవడం నెమ్మదిగా పట్టుబడింది.

మైదానంలో అద్దం లేదు. మెడ ఉంది. వాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడటం చూసి పిట్ట అడిగాడు.

"ఏంట్రా, అప్పులవాడు తరుముతున్నట్టు అలా చూస్తావు?"

"నువ్వెక్కడున్నావో చూస్తున్నా."

"ఇంత పొడుగున్నా కనపడట్లేదా?" పిట్ట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "బంతి కాళ్లకిస్తాలే" అన్నాడు.

పొద్దున్నే గోడ దగ్గర నిలబడటం వాడు ఎప్పుడు మానేశాడో వాడికే గుర్తులేదు.

ఆ మూడు ఓటముల తర్వాత పిట్ట ఆటతో జట్టు పుంజుకుని ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్ రోజున కోచ్ ఏనుగుని బయట కూర్చోబెట్టాడు. అవతలి జట్టు వెనక వరసలో ఒక భారీ కుర్రాడున్నాడు. వాళ్లవాళ్లే వాణ్ణి గోడ అని పిలుస్తున్నారు. ఆట ఒకటి-ఒకటి దగ్గర బిగుసుకుపోయింది. ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ముందు ఆడే కుర్రాడి కాలు పట్టేసింది. కోచ్ బెంచీ వైపు చూశాడు. ఎవరినో వెతికాడు, వెతికి చివరికి, "ఏనుగూ, వెళ్లు" అన్నాడు. ఆ చూపులో నమ్మకం కంటే గత్యంతరం లేకపోవడమే ఎక్కువ కనిపించింది. పెద్ద జట్టు సంగతి ఈ కాస్తసేపట్లో తేలిపోతుందని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"వీడా ఏనుగు? తొండం ఇంట్లో మర్చిపోయాడా?" గట్టు మీద నవ్వులు.

వాడు దిగగానే జట్టుకు పాత పిచ్చి తిరగబెట్టింది. వెనకనుంచి ఎవడో "ఏనుగుకి కొట్టు!" అని అరిచి బంతిని ఆకాశంలోకి లేపాడు. ఏనుగు ఎగిరాడు. గోడ వాడి మీదుగా ఎగిరి, బంతిని తలతో కొట్టి, దిగుతూ దిగుతూ వాణ్ణి నేలకు పరిచాడు.

పచ్చిక మీద బోర్లా పడి ఉన్న ఆ క్షణంలో వాడికి పాత అవమానం కోసం ఒళ్లంతా వెతుక్కున్నట్టనిపించింది. అది ఉండే చోట లేదు. దాని బదులు ఒక చిన్న సంగతి కనపడింది. గోడ ఎగరడానికి ముందు తన బరువంతా నా వీపు మీద మోపాడు. నేను కదలకుండా అక్కడే ఉంటానన్న ధీమాతో.

లేచాడు. మెడ తిప్పి చూశాడు. గోడ వెనక ఖాళీ. ఎడమన పిట్ట. మళ్లీ చూశాడు. పిట్ట కదిలాడు.

బంతి మళ్లీ ఆకాశంలోకి లేచింది. అలవాటు అంత త్వరగా చావదు కదా. ఏనుగు ఎగరబోతున్నట్టు మోకాళ్లు వంచాడు. వీపు మీద బరువు వాలింది. వాలగానే వాడు అడ్డంగా, సందులో నడిచినట్టు, పక్కకు జరిగాడు. ఆనుకునే గోడ లేక గోడ ముందుకు తూలాడు. బంతి ఎవరి నెత్తికీ తగలకుండా కిందికి దిగింది. కింద ఒక పాదం ఎదురు చూస్తోంది. చప్పుడు లేదు. బంతి ఆ పాదం మీద ఆగి, అది ఎటు తిరిగితే అటే తిరిగింది.

చూడకుండానే ఎడమకు ఇచ్చాడు. ముందే చూశాడు కాబట్టి చూడలేదు. పిట్ట ఒక్క తాకుతో గోడ వెనకున్న ఖాళీలోకి తిప్పి ఇచ్చాడు. ఏనుగు అక్కడికి చేరేసరికి ఎదురుగా గోల్‌కీపర్ చేతులు చాచుకుని వస్తున్నాడు. పదేళ్లప్పుడైతే కళ్లు మూసుకుని వాడి గుండెల మీదికే కొట్టేవాడు. ఇప్పుడు దించే చోటు చూసుకున్నాడు. కుడి మూల, స్తంభం పక్కన. బంతిని నేల మీదుగా అక్కడ ఆనించి వచ్చాడు.

రెండు-ఒకటి. గట్టు మీదనుంచి ఒక గొంతు లేచింది. కొట్టు మూసి వచ్చిన అత్త.

"దించాడురా! నా మేనల్లుడు దించాడు!"

ఆట ముగిసింది. కోచ్ పరుగెత్తుకుంటూ వచ్చి, చేతిలో మసిగుడ్డ ఉన్న సంగతి కూడా మర్చిపోయి దానితోనే వాడి మొహం తుడిచాడు. "సోమవారం పెద్ద జట్టుతో ప్రాక్టీసు. ఆలస్యం చేశావో, తాట తీస్తా."

కుళాయి దగ్గర గోడ ఎదురయ్యాడు. కిందికి వంగి చూస్తూ, "నిన్నెందుకురా ఏనుగంటారు?" అని అడిగాడు.

"చిన్నప్పుడు పెద్దగా ఉండేవాణ్ణి."

ఆ మాట అంటుంటే వాడికి నవ్వొచ్చింది. లోపల ఏమీ కలుక్కుమనలేదు.

ఇంతలో పిట్ట వెనకనుంచి వచ్చి, వాణ్ణి అమాంతం భుజాల మీదికి ఎత్తుకుని మైదానంలోకి పరుగు తీశాడు. ఆ పైనుంచి చూస్తే అందరి తలలూ మళ్లీ కిందే ఉన్నాయి. వాడు మాత్రం తలలు చూడలేదు. కోచ్ ఎక్కడున్నాడో, కప్పు ఎక్కడుందో, ఖాళీ ఎటుందో చూస్తున్నాడు.

"ఒరేయ్ పిట్టా," గట్టు మీదనుంచి అత్త అరిచింది, "ఎత్తేముందు దించే చోటు చూసుకున్నావా?"