నడిమి మచ్చ

బంగాళాదుంపల ఫ్యాక్టరీలో, పొడుగ్గా తరిగిన ముక్కల నుంచి నల్లమచ్చలు తీసే బల్ల దగ్గర పన్నెండేళ్లు నిలబడ్డ మనిషి ఆమె. తర్వాత ఆ పనికి కెమెరాలతో మచ్చల్ని చూసి కోసే యంత్రం వచ్చింది. మచ్చకి అటూ ఇటూ బ్లేడు వేసేది. చివర్న మిగిలిన పొట్టి తునకలు పొట్లాల్లో పడుతుంటే, కొన్నవాళ్లు గొడవ చేసేవారు.

ఆ లైను సూపర్‌వైజరు ఆమెకి స్వయానా బావగారు. ఓ పూట ఆయనకి అన్నం వడ్డిస్తూ ఆమె అంది:

"మచ్చ చివర్న ఉంటే, ఆ చివరంతా ఒకే వేటుకి పోనివ్వాలండీ. అదే నడుమ ఉంటే..."

"సర్లే, మంచినీళ్లియ్యి."

విన్న సగాన్నే ఆయన తన ఆలోచనగా మేనేజరుకి చెప్పాడు. మచ్చ కనబడితే చాలు, ఆ వైపు చివరంతా కోసేలా యంత్రాన్ని మార్చారు. తునకలు ఆగిపోయాయి. ఆయనకి అద్దాల గది వచ్చింది. అందులో కూర్చోగానే చేసిన మొదటి పని, ఎక్కడ నోరు విప్పుతుందోనని, ఆమెని లైను నుంచి దుంపలు కడిగే షెడ్డుకి తోసేయడం.

"అన్నయ్యతో మనకెందుకే," అన్నాడు మొగుడు. ఆమె షెడ్డుకి నడిచింది.

మూడు నెలలకి కొత్త లోడు దిగింది. కడుగుతుంటే ఓ దుంప చేతిలోనే విరిగింది. సరిగ్గా నడుమ గోధుమరంగు మచ్చ. ఇంకో నాలుగు విరిచి చూసింది. అన్నీ అంతే. ఎవరికీ చెప్పలేదు.

యంత్రం నేర్చుకున్నదే చేసింది. మచ్చ దగ్గర్నుంచి చివరిదాకా, ప్రతి ముక్కలో సగం చెత్తలోకి. మూడోరోజుకి బావగారు ప్యాంటు ఎత్తిపట్టుకుని షెడ్డుకొచ్చాడు.

"అమ్మాయ్, ఆవేళ నడుమ ఉంటే అని ఏదో అనబోయావు..."

"నాకేం తెలుసు బావగారూ? బుర్రంతా మీదేనని అందరూ అంటుంటే విన్నాను."

"ఇంటి పరువమ్మా!"

"నన్నీ బురదలోకి తోసినప్పుడు గుర్తురాలేదా పరువు?"

చేతులు తుడుచుకుని తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లింది. అందరి ముందూ కత్తి అడిగి తీసుకుని, ఓ ముక్క కోసి చూపించింది.

"నడిమి మచ్చయితే మచ్చొక్కటే తియ్యాలి సార్. రెండు ముక్కలూ పనికొస్తాయి. చివరి మచ్చ సంగతి మా బావగారికి చెప్పింది నేనే. మిగతాది ఆయన విననే లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకే వచ్చిన బావగారి మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి లైను ఆమెది, షెడ్డు ఆయనది.

వారం తిరక్కుండా తోటికోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒక్క మాట చెప్పి వెనక్కి పిలిపించవే. ఆయనకి మోకాళ్ల నొప్పులు."

"నాకూ వచ్చాయక్కా, అక్కడే."

ఆవిడ వెళ్లిపోయాక, జాలి కలుగుతుందేమోనని కాసేపు చూసుకుంది. కలగలేదు. మర్నాడు షిఫ్టుకి అరగంట ముందే తన లైను దగ్గరికి వెళ్లింది.